నలభై మూడో వంతు పూజ

పదిహేడో కారు పైకప్పు మీద దుమ్ము లేదు. అయినా పైడిబాబు దాన్ని తుడిచాడు. నిన్న పొద్దున కూడా దుమ్ము లేదు, నిన్నా తుడిచాడు. ఉడుత వెంట్రుకల కుంచెను ముందు నుంచి వెనక్కి ఒకసారి, ఎడమ నుంచి కుడికి ఒకసారి నడిపించి, ఊపిరి బిగబట్టి, కారును రెండు వేళ్ళతో ఎత్తి, అడుగున చెక్కిన అంకె చదివి, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టాడు. అంకె మారలేదు. మారుతుందని ఆయన అనుకోలేదు. ఉన్నది ఉన్నట్టే ఉందని రోజూ రూఢి చేసుకోవడం ఆయన ఉద్యోగం. ఈ అలవాటు యార్డు నుంచి ఇంటికి వచ్చిందో, ఇంటి నుంచి యార్డుకు వెళ్ళిందో ఇప్పుడు తేల్చడం కష్టం.

జంషెడ్‌పూర్ పక్కన బాగ్‌బేరా రైల్వే క్వార్టరు ముందు గదిలో ఉన్న ఆ అద్దాల బీరువాను పెళ్ళయిన కొత్తలో భార్య అసిరమ్మ గాజు గిన్నెల కోసం కొనిపించుకుంది. గాజు గిన్నెలు వంటింటి అటక మీద, అట్టపెట్టెలో, పాత చీర చుట్టుకుని ఇరవై రెండేళ్ళుగా తమ వంతు కోసం కాచుకుని ఉన్నాయి. బీరువాలో కార్లున్నాయి. ఇరవై మూడు. లెక్కపెట్టి ఇన్నే అని తయారుచేసి, ఆ తరవాత అచ్చు పగలగొట్టేసే రకం. ఐదు వందలో, వెయ్యో చేస్తారు. ప్రతిదాని అడుగునా అది ఎన్నోదో, మొత్తం ఎన్నో చెక్కుతారు. పెద్ద కారు పొడవులో నలభై మూడో వంతు ఉంటుంది. తలుపు పిడి, వైపరు, నంబరు పలక, అన్నీ అదే వంతున తగ్గుతాయి. తగ్గనిది ధర ఒక్కటేనని అసిరమ్మ అంటుంది. ఆయన బీడీ, పాన్, సినిమా ఈ మూడూ ఎరగని మనిషి కాబట్టి ఆవిడ అంతకు మించి అనదు.

మొదటిది కొన్నది కాదు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు బంగళాలో సామాను ఎక్కించడానికి వెళ్ళిన నలుగురిలో పైడిబాబు ఒకడు. చెత్తబుట్ట పక్కన పడి ఉన్న చిన్న నల్ల కారును ఎత్తి, వెంటనే బోర్లించి చూశాడు. వ్యాగన్ల కింద బతికే మనిషి దేన్నయినా ముందు కింద నుంచే చూస్తాడు. అడుగున 212/500 అని ఉంది. వ్యాగన్ల మీద కూడా అంకెలుంటాయి, పదకొండేసి. కానీ తనలాంటివి లోకంలో ఇంకెన్ని ఉన్నాయో ఏ వ్యాగనూ చెప్పదు. తన వాళ్ళెంతమందో, వాళ్ళలో తాను ఎన్నోదో తెలిసిన వస్తువును ఆయన అంతకు ముందు చూడలేదు. అలాంటి మనిషినీ చూడలేదు.

టాటానగర్ గూడ్సు యార్డులో ఆయన వ్యాగన్లు పరీక్షిస్తాడు. సుత్తితో కొడితే మంచి చక్రం మోగుతుంది, బీటవారినది దగ్గుతుంది. దగ్గినదాని మీద సుద్దతో "సిక్" అని రాస్తే అది పక్క లైనులోకి పోతుంది, మోగినదానికి "ఫిట్". వాన వచ్చి రెంటినీ కడిగేస్తుంది. ముప్పై నాలుగేళ్ళు ఇదే. ఆయన తన పని సరిగా చేసిన ప్రతిసారీ ఏమీ జరగలేదు. చక్రం విరగలేదు, బండి పడలేదు, పేపర్లో రాలేదు. అలా జరగకుండా పోయినవాటన్నిటి వెనకా ఆయన ఉన్నాడు. జరగనిదానికి మెచ్చుకోలు పత్రం ఇచ్చే పద్ధతి రైల్వేలో లేదు. బహుశా ఎక్కడా లేదు. ఈ నెల ముప్పైన పదవీ విరమణ. ఆ రోజు కూడా ఏమీ జరగదని ఆయనకు దాదాపు నమ్మకం.

అందుకే ఇవాళ, సెప్టెంబరు పదిహేడున, ఆయన ఒకే కారును రెండుసార్లు తుడిచాడు. మధ్యాహ్నం మూడింటికి కలకత్తా నుంచి తనుశ్రీ అనే ఆవిడ వస్తోంది. అక్కడ ఇలాంటి కార్లు దాచుకునేవాళ్ళకు ఒక సంఘం ఉంది. ఆవిడ దాని కార్యదర్శి. కూతురు ప్రియ ఫోనులో పంపిన ఫోటోలు చూసి, ఏనుగు దంతం రంగు పాతకాలపు కారును, అంటే 318/750ని, సంఘం వార్షిక ప్రదర్శనకు ఎంచుకున్నారు. ఆవిడ స్వయంగా చూసి, బాగుంటే సాయంత్రం బండిలో తీసుకుపోతుంది. ఆయనకు బహుమతి మీద ఆశ లేదు. కారు పక్కన నిలబెట్టే చిన్న అట్టముక్క కావాలి. దాని మీద అచ్చులో, ఇంటిపేరుతో సహా: గొర్లె పైడిబాబు, టాటానగర్. యార్డులో ఆయన తెలుగుబాబు. డ్యూటీ చీటీలో టోకెను సంఖ్య. కాలనీలో ప్రియ నాన్న. పూర్తి పేరుతో ఆయన్ను ఎవరైనా పిలిచి ఎన్నేళ్ళయిందంటే, ఒకవేళ పిలిస్తే తల తిప్పడానికి రెండు క్షణాలు పడుతుంది.

"మావా, ఆ బొమ్మని నిజింగా కలకత్తా పంపించేత్తన్నావేటి?" అని వంటింట్లోంచి అసిరమ్మ అడిగింది.

"బొమ్మ అనొద్దని నీకెన్నిసార్లు సెప్పాలే?"

"మరేటనాల?"

"కారు. సిన్నదే. కానీ కారు."

అసిరమ్మ గుమ్మంలోకి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "కారేనా?"

"కారే."

"సరే మరి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ "సరే మరి"ని ఆయన సుత్తితో కొట్టి వినవలసింది. వినకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

విశ్వకర్మ పూజ నాడు జంషెడ్‌పూర్‌లో మనుషుల కన్నా యంత్రాలకు మర్యాద ఎక్కువ. యార్డు షెడ్డులో జాక్‌లూ పానాలూ స్నానం చేసి, బొట్లు పెట్టుకుని, కొత్త పెళ్ళికొడుకుల్లా బల్ల మీద వరసగా కూర్చున్నాయి. పురోహితుడు పైడిబాబు సుత్తికి కూడా పసుపు రాశాడు. పైడిబాబు దాన్ని ఎత్తి చూసుకున్నాడు గాని ఆలోచించలేదు.

"ఏటి బాబూ, ఈయేళ మొకం కడిగిన గిన్నిలాగ మెరిసిపోతంది?" అన్నాడు ధర్మరాజు. టెక్కలి వైపు మనిషి. ఇరవై ఏళ్ళుగా వ్యాగన్ల వరసకు అటు వైపు ధర్మరాజు, ఇటు వైపు పైడిబాబు నడుస్తూ, చక్రాల సందుల్లోంచి కబుర్లు చెప్పుకుంటారు. ఒకరి మోకాళ్ళు మరొకరికి మొహం కంటే బాగా తెలుసు.

"మూడింటికి మేడమొత్తాది."

"నీ కారు కలకత్తా సూసేత్తాది. నువ్వెప్పుడు సూత్తావు?"

"నానెందుకు? పేరెల్తాది కదేటి."

"అబ్బో! పేరుకి టికిట్టు అక్కర్నేదన్నమాట" అని ధర్మరాజు బూందీ పొట్లం చేతిలో పెట్టాడు.

పన్నెండున్నరకు పైడిబాబు ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో కర్పూరం వాసన వేస్తోంది. బీరువా తలుపు తీసి ఉంది. నేల మీద ముగ్గు. ముగ్గు మీద పీట. పీట మీద 318/750.

ఆయన అరవలేదు. అరుపు రావడానికి ముందు ఆయనలోని పరీక్షకుడు వచ్చాడు. చొక్కా కూడా విప్పకుండా నేల మీద బోర్లా పడుకుని, చెంప పీటకు ఆనించి, వ్యాగన్ను చూసినట్టు కారును కింద నుంచి పైకి చూశాడు. నాలుగు చక్రాల కిందా నాలుగు పచ్చ ఆవగింజలు చితికి ఉన్నాయి. ఇక్కడి కొట్లలో దొరికే పసుపుపచ్చ ఆవాలు, నిమ్మకాయల రంగు. కారు ముందు ఒక ధనియం సరిగ్గా రెండు చెక్కలుగా పగిలి, రెండూ వెల్లకిలా ఉన్నాయి. ముందు కడ్డీకి ఒక వెంట్రుక కట్టి ఉంది. వెంట్రుకకు ఒక పచ్చ ఆవగింజ, దాని కింద నాలుగు వాము గింజలు అంబలితో అతికించి ఉన్నాయి. నిమ్మకాయా మిరపకాయల దండ. బంతిపువ్వులోంచి తీసిన సన్న కేసరాలతో పైకప్పు మీద ఒక హారం. అద్దం కింద, తలుపుల మీద, చక్రాల మీది రేకుల మీద సూదిమొనతో పెట్టిన పసుపు బొట్లు, వాటి మధ్య కుంకుమ. బానెట్టు మీద స్వస్తిక. దాని గీతల్లో వంకర లేదు.

"అసిరీ" అన్నాడు, నేల మీద నుంచే. "ఏటిది?"

"పూజ" అంది అసిరమ్మ. "నువ్వు రాకముందే అయిపోవాలని పొద్దున్నించీ సేత్తన్నాను. కళ్ళు పోనాయి మావా. ఆ ధనియం నాలుగోది. మూడు తిన్నగా పగల్లేదు."

"ఎవులు సెయ్యమన్నారే?"

"నువ్వే." అసిరమ్మ ఆశ్చర్యపోయింది. "బొమ్మయితే ఒగ్గేద్దును. బొమ్మ కాదు, కారన్నావు. మనింట్లోంచి మొట్టమొదట బయిటికెల్తన్న కారు. అదీ విశ్వకర్మ పూజ నాడు. పూజ నేకుండా ఏ బండయినా గడప దాటుతాదా? రేపేటన్నా అయితే నువ్వూరుకుంటావేటి?"

తర్కంలో బీట ఎక్కడుందా అని ఆయన కొట్టి చూశాడు. ప్రతి మాటా మోగింది.

"మరీ ఆవాలేటి?"

"నిమ్మకాయెడితే కారు దాని కింద పడిపోతాది కదా. ఇరవయ్యేళ్ళుగా సెవిలో నువ్వూదుతున్నదే. నలబై మూడో వంతు, నలబై మూడో వంతు అని. నిమ్మకాయకి ఆవగింజ. కొబ్బరికాయకి ధనియం. కప్పురం మాత్రం సిన్నది కుదర్లేదు, నలిపేసి గోటితో తీసినాను."

పైడిబాబు లేచి కూర్చున్నాడు. కోపం రావలసిన చోట ఏదో ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలోకి తొంగిచూస్తే, ఇన్నేళ్ళూ తాను గోడకు చెప్పాననుకున్న మాటలన్నీ గోడ వరసగా దాచిపెట్టినట్టు కనిపించింది. కానీ మూడింటికి తనుశ్రీ వస్తుంది. పసుపు బొట్టు పెట్టిన కారును ఏ సంఘమూ "తయారైనది తయారైనట్టే" అని రాసుకోదు.

స్నానాల గదిలోంచి తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన ప్రియ ఒక్క చూపు చూసి, "మా! యే క్యా కర్ దియా!" అని కూలబడింది. బిష్టుపూర్‌లో బట్టల షోరూంలో పని చేస్తుంది; తెలుగులో అడిగితే హిందీలో బదులిస్తుంది, తిట్టినా, ఏడ్చినా అంతే. "వో లోగ్ లెన్స్ సే దేఖ్‌తే హై, మా. లెన్స్ సే!" వాళ్ళు భూతద్దం పెట్టి చూస్తారని ఆమె గోల.

"సూడనీ. తిన్నగానే ఎట్టినాను" అంది అసిరమ్మ.

తడి దూది, పొడి దూది, పిల్లల సబ్బు. హారం, దండ, కుంకుమ పోయాయి. పసుపు మాత్రం పోయినట్టే పోయి, బొట్టున్న ప్రతిచోటా దాని జ్ఞాపకం మిగిలింది; ఏనుగు దంతం రంగు మీద కామెర్లు వచ్చినట్టు. పైడిబాబు దూది కింద పెట్టేశాడు. "ఇదింక పోదు."

"ఎందుకు పోదూ?" అంది అసిరమ్మ. "పసుపు మరక ఎండకి పోతాది. తెల్ల సొక్కాల మీద పోతన్నాది కాదేటి?"

ఎండ! ఇరవై రెండేళ్ళుగా ఆ గది కిటికీకి రెండు పొరల పరదా ఉంది. ప్రతి కారు పెట్టెలోనూ ఎండ తగలకూడదని ఆరు భాషల్లో అచ్చేసిన చీటీ ఉంది. కార్ల కోసం ఆ ఇంట్లో మనుషులు కూడా ఎండ లేకుండా బతికారు. ఆయన గడియారం చూశాడు. ఒంటిగంట. బయట భాద్రపదపు ఆకాశం ఒక నిమిషం మూసుకుంటోంది, ఒక నిమిషం తెరుచుకుంటోంది.

"నడు" అన్నాడు.

అలా 318/750 మొదటిసారి ఎండను చూసింది. ముందు పీట మీద, వాకిట్లో. టైర్లు రబ్బరువి, వాటికి ఎండ పనికిరాదని ప్రియ నాలుగు కాగితం ముక్కలు కత్తిరించి చక్రాలకు గొడుగులు కట్టింది. పది నిమిషాలకు మునగచెట్టు నీడ పీట మీదికి వచ్చింది. కారు బోర్లించిన బకెట్టు మీదికి మారింది. అక్కడికీ నీడ వచ్చింది. ముగ్గురూ బకెట్టు మోసుకుని నీళ్ళ తొట్టి పక్కకు వెళ్ళారు. వెళ్ళగానే మబ్బు పట్టింది. ముగ్గురూ తలెత్తి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు.

పక్క క్వార్టరు ముసలయ్య, పట్టాల మీద నడిచి నడిచి రిటైరైన మనిషి, ప్రహరీ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఒరే పైడిబాబూ, అప్పడాలెండేసినట్టు కారెండేసినారేటిరా?"

"పసుపు మరక అన్నియ్యా" అంది అసిరమ్మ.

"కారుకి జొరమొచ్చిందేమో అనుకున్నాను. అక్కడ నాభం నేదమ్మా. నా గోడ మీదికి తెండి. మూడింటి దాకా ఎండ కదల్దు."

కారు ముసలయ్య గోడ మీదికి వెళ్ళింది. కాకి ఒకటి వచ్చి, కాగితం గొడుగుల వైపు ఆశగా చూసింది. అసిరమ్మ కర్ర పట్టుకుని కాపలా నిలబడింది. పైడిబాబు ప్రతి ఐదు నిమిషాలకూ వంగి, "ఎడమ తలుపు ఫిట్", "వెనక రేకు ఫిట్" అని ప్రకటిస్తున్నాడు. ప్రకటించిన ప్రతిసారీ ముసలయ్య చప్పట్లు కొడుతున్నాడు. రెండూ యాభైకి పసుపు నిజంగానే పోయింది. ప్రియ గొడుగులు విప్పింది. కారు ఎప్పట్లాగే, అంటే ఏమీ జరగనట్టు, మెరిసింది. ఏమీ జరగనట్టు చెయ్యడంలో ఆయనకు ముప్పై నాలుగేళ్ళ అనుభవం.

తనుశ్రీ మూడింటికి ఆటోలో దిగింది. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, భుజాన పెద్ద సంచి. కారు గోడ మీద ఉండటం చూసి, బెంగాలీ యాస హిందీలో, "బయటే పెట్టారా? మంచిదే, సహజమైన వెలుతురు" అంది. సంచిలోంచి తెల్లని నూలు తొడుగులు తీసి చేతులకు వేసుకుంది. భూతద్దం కంటికి ఆనించింది. కొలిచే పనిముట్టుతో పొడవు కొలిచింది. బోర్లించింది. పైడిబాబుకు ఆవిడ మీద గౌరవం కలిగింది. తాను కాకుండా ఒక వస్తువును ముందు కింద నుంచి చూసిన మనిషి ఆవిడ ఒక్కతే.

ఆ పరీక్ష పది నిమిషాలు సాగింది. యార్డులో ఏదో బండి కప్లింగులు లాక్కుంది.

"అద్భుతం" అంది తనుశ్రీ. గోడ మీద కాగితం పెట్టి కలం తీసింది. "మొదటి విభాగం. తయారైనది తయారైనట్టే. మీ పూర్తి పేరు?"

"గొర్లె పైడిబాబు."

ఆవిడ రాసి, సరిచూసుకోడానికి పైకి చదివింది. "గొర్లె పైడిబాబు, టాటానగర్."

రెండు క్షణాల తరవాత అది తానేనని ఆయనకు తెలిసింది. ఆ పేరు బాగా మోగింది. ఎక్కడా దగ్గలేదు. ఆ సంతోషంలో, ఆఖరిసారి చూసుకుందామని, కారు మీదికి వంగాడు. ఎడమ దీపం మీద కనుబొమలా వంగిన వెండి రేకు కింద, ఎండ చొరబడని సందులో, ఆవగింజలో సగమంత పసుపు.

తనుశ్రీ చూడలేదు. భూతద్దంతో కూడా చూడలేదు. ఇంక ఎవరూ చూడరు. అసిరమ్మ చూసింది, ఆయన చూశాడని కూడా చూసింది, వెంటనే ఆయన కాలి బొటనవేలు తొక్కింది.

మనిషి తన గుణాన్ని ఎప్పుడు ఎంచుకుంటాడు? ఒకప్పుడు ఎంచుకునే ఉంటాడు. ఆ తరవాత గుణమే మనిషిని ఎంచుకుంటుంది. పైడిబాబు ఆ క్షణంలో ధైర్యంగా ఏమీ నిర్ణయించలేదు. చెయ్యి దానంతట అదే లేచి, వేలు రేకు కింద చూపించింది.

"మేడమ్" అన్నాడు, వచ్చిన హిందీలో. "యహా సిక్ హై."

తనుశ్రీ భూతద్దం తీసుకుని మళ్ళీ వంగింది. "మీరు చెప్పకపోతే నాకు కనిపించేది కాదు. ఎందుకు చెప్పారు?"

కనిపించిందని చెప్పాడు, అంతే. ప్రియ నుదురు కొట్టుకుని, పొద్దుటి నుంచి జరిగినదంతా ఏకరువు పెట్టింది. తనుశ్రీ మొహంలో ఏ భావమూ లేదు. రాసిన కాగితాన్ని రెండుగా మడిచి సంచిలో పెట్టేసింది. "అయితే మొదటి విభాగంలోకి రాదు. నియమం నియమమే."

గొర్లె పైడిబాబు, టాటానగర్, మడతలోకి పోయాడు.

"రెండో విభాగం ఒకటుంది" అంది ఆవిడ. "చెయ్యి పడినవి. కారుకు తుప్పు పట్టినట్టో, బురదలో తిరిగినట్టో మార్పులు చేస్తారు కొందరు. అక్కడ చూసేది ఒక్కటే, కొలత కుదిరిందా లేదా అని. ఆవిడ కొబ్బరికాయకు ఏం పెట్టారన్నారూ?"

ప్రియ తర్జుమా చేసింది. అసిరమ్మ కర్ర కింద పడేసి, పోలీసు ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుంది. "ధనియమమ్మా. తప్పయితే సెమించు."

"ఒకటి తెండి."

వంటింట్లోంచి పోపుల పెట్టె మొత్తం వచ్చింది. తనుశ్రీ ధనియాన్ని కొలిచింది, పెదవులు కదుపుతూ నలభై మూడుతో గుణించింది, పచ్చ ఆవగింజను కొలిచింది, గుణించింది. అప్పుడు మొదటిసారి నవ్వింది. "వాము గింజ కొంచెం పొడవు. తక్కినవి కచ్చితం. ఈవిడ ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడ నేర్సుకుంటానమ్మా? ఈయన సెప్తాడు, నాను పప్పు కడుగుతా ఇంటాను."

"రెండో విభాగంలో తీసుకుంటాను. కానీ అక్కడ కార్డు మీద మొదట పని చేసినవాళ్ళ పేరు ఉంటుంది, పెద్ద అక్షరాల్లో. సొంతదారు పేరు కింద, చిన్నగా. ఒకటి గుర్తుంచుకోండి. ఒకసారి రెండో విభాగంలోకి వెళ్ళిన కారు మళ్ళీ మొదటిదాంట్లోకి రాదు. ఎప్పటికీ."

అసిరమ్మ గబగబా అడ్డం వచ్చింది. "వద్దులే మావా. ఆ సుక్క కూడా తుడిసేద్దాం. వచ్చే యేడు నీ పేరుతోనే ఎల్లనీ."

పైడిబాబు గోడ మీది కారును చూశాడు. ఆయనకు అసూయ కలిగింది. తన భార్య మీద, పసుపు విషయంలో, యాభై తొమ్మిదేళ్ళ వయసులో. దాన్ని ఆయన తన నుంచి దాచుకోలేదు. ఇలాంటివి మరో ఏడు వందల నలభై తొమ్మిది ఎక్కడెక్కడో బీరువాల్లో, పరదాల వెనక, ఒకేలా మెరుస్తున్నాయి. వాటిలో దేని చక్రాల కిందా ఆవగింజ చితికి ఉండదు. ఇది గొప్ప ఆలోచనా, లేక ఓడిపోయిన మనసు తనకు తాను చెప్పుకునే వేదాంతమా అని కూడా అనుమానం వచ్చింది. రెండూ కొట్టి చూశాడు. తేడా వినిపించలేదు.

"ఫిట్" అన్నాడు. "రాయండి మేడమ్. గొర్లె అసిరమ్మ."

తనుశ్రీ రాసింది. ఆ తరవాత కారు వైపు చూసి, కలం ఆపింది. "కానీ ఇప్పుడు దీని మీద పనేదీ లేదే. ఒక్క చుక్క ఉంది. పూజంతా ఎక్కడ?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడ అవతల ముసలయ్య పడి పడి నవ్వి, దగ్గు వచ్చి, నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు.

"మళ్ళీ సెయ్యాలేటి?" అంది అసిరమ్మ. "ఒక బండికి ఒక్క రోజులో రెండు పూజలు ఎక్కడన్నా ఉన్నాయా?"

నీళ్ళు తాగి వచ్చిన ముసలయ్య ధర్మసందేహం తీర్చాడు. "పొద్దుటిది గడప దాటడానికమ్మా. ఇది రైలెక్కడానికి. ఏరేరు."

హౌరా బండికి గంటన్నర ఉంది. చేతి చెమట కారుకు తగలకూడదని తనుశ్రీ తన తొడుగులు విప్పి అసిరమ్మకు ఇచ్చింది. అసిరమ్మ కుడిది వేసుకుని, పసుపులో వేలు ముంచి, ఆగిపోయింది. "సేతికి గుడ్డ కట్టుకుని బొట్టెడతారేటమ్మా? ఇదేటి ఆపరేసనా?" అని విప్పి గోడ మీద పెట్టేసింది. ఒట్టి చేతులతో మొదలుపెట్టింది. ఈసారి ఒక్కో బొట్టుకూ రెండింతల సేపు పట్టింది. పొద్దున దేవుడు ఒక్కడే చూశాడు. ఇప్పుడు కలకత్తా చూస్తోంది. పైడిబాబు పక్కన కూర్చుని సూది అందించాడు, పచ్చ ఆవాలు ఏరాడు, తల వెంట్రుక కోసం ఆవిడ జడలోకి చెయ్యి పెట్టబోయి, కూతురు ఉందని గుర్తొచ్చి మానేశాడు.

"లాగు మావా, పర్నేదు. తెల్లది కాకుండా సూసి లాగు."

ఆయన వెతికి వెతికి నల్లది ఒకటి లాగాడు. ధనియం రెండోదానికే పగిలింది. వెల్లకిలా పడింది.

"శుభం" అన్నాడు ముసలయ్య.

తనుశ్రీ సంచిలోంచి ఒక పలక తీసి కారును దాని మీద నిలబెట్టి, ఆవాలను, ధనియపు చెక్కలను చిన్న పట్టకారుతో ఎత్తి, దాని మీద వాటి వాటి చోట్లలో జిగురుతో నిలిపి, గాజు మూత వేసింది. ఆటో వచ్చింది. పైడిబాబు ఆ గాజు పెట్టెను ఒళ్ళో పసిబిడ్డను అందించినట్టు అందించాడు. అసిరమ్మ, ఏదో మరిచిపోయినట్టు పరిగెత్తి, తనుశ్రీకి నుదుట కుంకుమ పెట్టింది. "నీకు అసలు సైజుదేనమ్మా" అంది. ప్రియ తర్జుమా చెయ్యలేదు, అవసరం రాలేదు. ఆటో రైల్వే గేటు వైపు తిరిగి, పూజ పందిరి ముందు జనంలో కలిసిపోయింది.

"పెద్ద అచ్చరాలంటే ఎంతుంటాయి మావా?" అని అడిగింది అసిరమ్మ.

"కొలిసి సెప్తానులే" అన్నాడు పైడిబాబు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక, ముసలయ్య గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

గోడ మీద తనుశ్రీ తొడుగులు ఉండిపోయాయి. ఎడమది చదునుగా పడుకుని ఉంది. కుడిదాని వేళ్ళు లోపల ఇంకా ఎవరిదో చెయ్యి ఉన్నట్టు కొంచెం వంగి ఉన్నాయి, చూపుడువేలి కొస పసుపుపచ్చగా, తడిగా ఉంది.